జోడు పోగొట్టుకొన్న రాకుమారుడు

(ఐర్లండు జానపద కథలలో తారుమారైన నాయికానాయకులు: వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ప్రసంగింపవలసినదిగా కార్యదర్శిగారు కోరినప్పుడు విషయమేమని అడిగితిని. "మీ యిష్టమండీ, పిల్లలు కూడ కూర్చుండి వినునట్టిదైతే చాలు"నని సెలవిచ్చిరి. ముప్పదియేండ్లు ఫైళ్ళమీద నోట్లు వ్రాసి పదవీవిరమణ చేసినవానివద్ద పిల్లలు వినదగిన విషయమేముండును? అదృష్టవశమున మా యింట ఏడేండ్ల మనుమరాలున్నది. ఈనాటి విషయము ఆమె ఇచ్చినదే.

ఒకనాడు ఆ బిడ్డ బడినుండి వచ్చి సిండరెల్లా కథ చెప్పెను. కథ మీకందరకు తెలిసినదే: సవతితల్లి, పొయ్యికడ బూడిద, గుమ్మడికాయ బండి, నాట్యశాల, అర్ధరాత్రి జారిపోయిన గాజుచెప్పు. అంతయు చెప్పి, కొంతసేపు ఆలోచించి, "తాతయ్యా, ఆ అమ్మాయి చెప్పు జారవిడవడం తప్ప ఇంకేమీ చెయ్యదా?" అని అడిగెను. గొప్ప ఉపాయము తోచినవానివలె నేను, "అయితే ఆ అమ్మాయిని అబ్బాయిని చేద్దాం" అంటిని. అప్పటికప్పుడు ఒక సవతితండ్రిని, ఇద్దరు సవతి అన్నలను, బూడిదలో పొరలు కుఱ్ఱవానిని, అతని పాదము కొలుచుటకు ఊరూర తిరుగు రాకుమార్తెను కల్పించి కథను తిప్పి చెప్పితిని. ఆమె శ్రద్ధగా విని తీర్పు చెప్పెను: "ఇప్పుడు అబ్బాయి ఏమీ చెయ్యడం లేదు." ఆ తీర్పుపై అప్పీలు లేదు.

నేను చేసిన ఈ పనినే 2020లో లండనునందు కేరీ ఫ్రాన్స్‌మన్, జొనాథన్ ప్లాకెట్ అను దంపతులు కంప్యూటరుచేత చేయించి పుస్తకముగా ప్రకటించిరి. ఆండ్రూ లాంగు సంకలనములలోని పాత కథలను తీసికొని, "అతడు" అన్నచోట "ఆమె", రాజన్నచోట రాణి వచ్చునట్లు యంత్రము మార్చెను. సౌందర్యవతి మృగమునింట చిక్కిన కథలో ఇప్పుడొక సుందరుడు ఆడమృగమునింట చిక్కుకొనును. ప్రయోగము చమత్కారమైనదే. మనము గమనింపకుండ మింగివేసిన అలవాట్లెన్నియో అందు బయటపడును. కాని అది అద్దములోని ప్రతిబింబమువంటిది. ఎడమచేయి కుడిచేయిగా కనబడునేగాని, ఆ చేయి కొత్తపని ఏదియు నేర్వదు. మా మనుమరాలి ఆక్షేపణ కూడ అదియే అనుకొందును.

మన గ్రాంథికభాషలోనైతే ఆ యంత్రమునకు పని కొంత తగ్గెడిది. రాముడు వచ్చెను, సీత వచ్చెను. క్రియకు భేదము లేదు. ఇంటిభాషలో వచ్చాడు, వచ్చింది అనగనే తేడా తెలియును; అందును ఆ "వచ్చింది" సీతకును, సీత కోరిన లేడికిని ఒక్కటే! సంస్కృతములో భార్య అని అర్థమిచ్చు దారశబ్దము పుంలింగమని చిన్నప్పుడు చదివి నవ్వుకొన్నవారు ఈ సభలో ఉందురు. ఐరిషు భాషలోను అట్టి వింత ఒకటి కలదు. "కాలీన్" అనగా ఆడపిల్ల. వ్యాకరణములో ఆ మాట పుంలింగము. వ్యాకరణము ఇంత ఉదారముగా నున్న దేశములో కథలెట్లున్నవో చూతమని ఐర్లండు పుస్తకములు తిరగవేసితిని. ఆ దేశము మనకు మరీ పరాయిదేమియు కాదు. భారతదేశ భాషలను సర్వే చేయించిన గ్రియర్సను డబ్లిను ప్రాంతమున పుట్టినవాడే. ఆ సర్వేలో 1906లో వెలువడిన నాల్గవ సంపుటమున మన తెలుగు కలదు.

అక్కడ నాకు దొరికినవాడు బిల్లీ బెగ్. బెగ్ అనగా చిన్నవాడు. సియమస్ మక్‌మేనస్ అను డానిగాల్ ప్రాంతపు బడిపంతులు 1899లో ప్రకటించిన కథల పుస్తకమున ఇతని కథ కలదు. దీనిని కొంచెము వివరముగా చెప్పనిండు.

ఒక రాణి తన కొడుకునకు ఒక ఆబోతును ఇచ్చి, వారిద్దరిని ఎన్నడును వేరుచేయవద్దని రాజుచేత మాట తీసికొని కన్నుమూసెను. రాజు మరల పెండ్లాడెను. కొత్తరాణికి కొడుకన్నను గిట్టదు, ఆబోతన్నను గిట్టదు. ఆమె కోళ్ళు పెంచు ముసలమ్మను ఆశ్రయించినది. ముసలమ్మ చెప్పిన ప్రకారము రాణి మంచమెక్కి, బిల్లీ ఆబోతు నెత్తురు త్రాగినగాని రోగము కుదరదనెను. రాజు ఎంతో పెనగులాడి చివరకు లొంగెను. వధించు దినమున బిల్లీ ఆబోతు వీపుపై నెక్కెను. అది అంతెత్తున ఎగిరి, చూడవచ్చిన జనమును దాటి వానిని కొనిపోయెను. అడవిలో ఆకలియైనప్పుడు దాని చెవిలో చేయిపెట్టిన ఒక గుడ్డ దొరకును; పఱచినచో రాజభోజనము. దారిలో ఒకదాని వెంట నొకటిగా మూడు ఆబోతులు ఎదురగును. రెండింటిని గెలిచి, మూడవదానిచేత బిల్లీ ఆబోతు చచ్చును. చచ్చుటకు ముందే చెప్పును: నా తోలునుండి ఒక పట్టె కోసి నడుమునకు కట్టుకొనుము, నిన్నెవ్వరును చంపజాలరు, నా రెండవ చెవిలోని కఱ్ఱను త్రిప్పితివా, అది కత్తియగును.

తల్లి చనిపోయిన పిల్లవానికి తల్లి ఇచ్చిన పశువే తల్లియై అన్నము పెట్టినది. చచ్చియు తన తోలుతో కాచినది. ఇక్కడివరకు ఇది ప్రపంచమంతట ఆడపిల్లకు చెప్పు కథయే. సవతితల్లి బాధపెట్టగా తల్లి పెంచిన ఆవుకడ కూడు దొరకు ఆడబిడ్డ ఎన్నియో దేశముల కథలలో కలదు. ఇచ్చట ఆ బిడ్డ స్థానమున మగపిల్లవాడు నిలిచెను.

తరువాత బిల్లీ ఒక పెద్దమనిషి యింట పసులకాపరిగా కుదురును. ప్రక్క పొలము రాక్షసులది. మూడు తలలవాడు, ఆరు తలలవాడు, పండ్రెండు తలలవాడు వరుసగా వచ్చి చత్తురు. వారి గుఱ్ఱములు, దుస్తులు బిల్లీ పాలగును. సాయంకాలము వాడు మరల చినిగిన బట్టలతో పసులను తోలుకొని ఇల్లుచేరును. ఎవ్వరికిని ఏమియు చెప్పడు. అంతలో రాకుమార్తెను మ్రింగుటకు ఒక మహాసర్పము రానున్నదని దేశమంతట చాటింతురు. ఊరెల్ల చూడబోవును. "నీవు రావా?" అని యజమాని అడిగిన, నాకేల అని బిల్లీ ఊరకుండును. అందరును పోయినపిమ్మట రాక్షసుని దుస్తులు తొడిగి, రాక్షసుని గుఱ్ఱమెక్కి పోయి సర్పముతో పోరాడి, ఎవ్వరును పలుకరింపకమునుపే మాయమగును. మూడవనాడు సర్పము చచ్చును. వాడు గుఱ్ఱమును త్రిప్పునంతలో రాకుమార్తె పరుగెత్తి వాని కాలు పట్టుకొనును. గుఱ్ఱము సాగిపోవును; ఆమె చేతిలో జోడు మిగులును. ఆ జోడు ఎవని కాలికి సరిపోవునో వానినే పెండ్లాడెదనని ఆమె పట్టుపట్టును. దొరలు, దొరబిడ్డలు తమ పాదములను ఎంత ఇరికించినను కుదరదు. కడపట పసులకాపరికి కుదురును.

ఇది చదివి నేను చాలసేపు పుస్తకము మూసికొని కూర్చుంటిని. మా మనుమరాలికి నేను చెప్పిన అబ్బాయి కథకును దీనికిని ఎంత దూరము! డానిగాల్ పంతులు చెప్పిన కథలో జోడు నిలిచినది, చినిగినబట్టలు నిలిచినవి, సవతితల్లి నిలిచినది, ముమ్మారు వచ్చి మాయమగుట నిలిచినది. నాట్యశాల మాత్రము యుద్ధరంగమైనది.

ఆడపిల్ల కథ ఆ దేశమున ఎట్లు చెప్పిరో చూడక ఈ తేడా పూర్తిగా తెలియదు. జెరమయా కర్టిన్ అను అమెరికా పండితుడు 1890లో ప్రకటించిన సంపుటములో ముగ్గురు అక్కచెల్లెండ్ర కథ కలదు. వారి పేర్లు ఫెయిరు, బ్రౌను, ట్రెంబ్లింగు. మన మాటలలో తెల్లమ్మ, చామనమ్మ, వణుకమ్మ అనుకొందము. ఈ కథ జరిగినది తీర్ కొనల్ అని కథలోనే కలదు. అది డానిగాల్ ప్రాంతపు పాతపేరే. వణుకమ్మను వంటయింటికి కట్టివేసి అక్కలిద్దరు ఆదివారము ప్రార్థనకు పోవుదురు. అప్పుడామెకు సాయపడునది ఎవరనుకొన్నారు? కోళ్ళు పెంచు ముసలమ్మయే! బిల్లీ కథలో సవతితల్లికి దురాలోచన చెప్పిన ముసలమ్మయు, ఇక్కడ ఆడబిడ్డకు పట్టుబట్టలు కట్టి గుఱ్ఱమెక్కించు ముసలమ్మయు ఒకే వృత్తివారు, ఒకే విద్య నేర్చినవారు. నాయకుని లింగము మారగనే ఆమె పక్షము మార్చెను. యంత్రము చేయు మార్పులో ఇట్టిది ఎన్నటికిని రాదు.

వణుకమ్మ ప్రార్థనాలయపు గడప దాటరాదు. జనము లేచుసరికి గుఱ్ఱముపై వెనుదిరుగవలెను. మూడవ ఆదివారము ఒక రాకుమారుడు గుఱ్ఱము ప్రక్కన పరుగెత్తి ఆమె పాదము పట్టుకొనగా జోడు ఊడి వాని చేతికి వచ్చును. బిల్లీ కథలోని దృశ్యమే. ఎక్కినవారు ఆడుదియైనను మగవాడైనను, ఐర్లండులో గుఱ్ఱము గుఱ్ఱమే, జోడు జోడే. మెట్లపై జారిపోవు గాజుచెప్పు ఇచ్చట లేదు. పట్టుకొన్నవాని చేతినుండి విదిలించుకొని పోవు మనిషి కలదు.

కాని ఈ రెండు కథలును ఒకచోట విడిపోవును. బిల్లీ కథ పెండ్లితో ముగియును. తొమ్మిదిదినముల వేడుక, ఆపై చింత లేదు. మన మాటలలో చెప్పవలెనన్న, పూర్తి పింఛనుతో విశ్రాంతి. వణుకమ్మ కథ పెండ్లితో ముగియదు. బిడ్డ పుట్టినపిమ్మట పెద్దక్క వచ్చి, ఆమెను సముద్రములోనికి త్రోసి, తానే ఆమెనని రాకుమారునింట చేరును. తిమింగిలము వణుకమ్మను మ్రింగి, ఆటుపోటులవెంట ఒడ్డున కక్కి, మరల మ్రింగును. పసులు కాయు పిల్లవాడొకడు ఆ సంగతి రాకుమారునకు చెప్పవలెను. వెండిగుండుతో తిమింగిలమును కొట్టవలెను. అప్పుడుగాని ఆమెకు విడుదల లేదు. మగపిల్లవానికి గండములన్నియు పెండ్లికి ముందు; ఆడపిల్లకు పెండ్లి తరువాత రెండవ విడత గండములు. ఈ సంగతి ఎవ్వరును సిద్ధాంతము చేసి చెప్పలేదు. పొయ్యికడ కూర్చున్నవారు తమ యిండ్లలో చూచినది కథలో పెట్టిరి. సభలోని అమ్మలు నవ్వుచున్నారు. నేనిక విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ మగ సిండరెల్లాను ఎక్కడ ఉంచవలెనో పండితులకు చాలకాలము తోచలేదు. 1893లో మేరియన్ రోల్ఫ్ కాక్స్ అను విదుషీమణి సిండరెల్లా కథారూపములను మూడువందల నలువదియైదింటిని పోగుచేసి గ్రంథము వ్రాసినప్పుడు, నాయకుడు మగవాడైన కథలను వేరొక విభాగముగా చివర చేర్చెను. తరువాత అంతర్జాతీయ కథాసూచికలో ఆడపిల్ల కథకు 511 సంఖ్యయు, ఎద్దు తోడుగల మగపిల్లవాని కథకు 511 ఏ అను ఉపసంఖ్యయు ఇచ్చిరి. 2004లో హాన్స్-యోర్గ్ ఊథర్ ఆ సూచికను సవరించినప్పుడు ఆ ఉపసంఖ్యను తీసివేసి రెండింటిని ఒకే సంఖ్యక్రింద కలిపెను. నూటపదకొండేండ్లు పట్టినది ఫైలు తేలుటకు! మన కచేరీలను ఊరక నిందింతురు.

ఇంతకు ఈ కథలు చెప్పినవారెవరు? ఐర్లండు ప్రభుత్వము 1935లో జానపద వాఙ్మయ సంఘమునొకదానిని స్థాపించెను. అది 1971 వరకు పనిచేసినది. పిమ్మట దాని భాండారము డబ్లిను విశ్వవిద్యాలయ కళాశాలకు చేరినది. 2017లో యునెస్కోవారు ఆ భాండారమును ప్రపంచస్మృతి పట్టికలో చేర్చిరి. సంఘము పంపిన సేకర్తలు సైకిళ్ళపైని, కాలినడకను పల్లెలు తిరిగి, మైనపు గొట్టములపై కథలు పట్టు యంత్రమును మోసికొనిపోయి, విన్నది విన్నట్లు వ్రాసిరి. గొట్టములకు డబ్బు చాలదు; కనుక వ్రాయుట ముగియగనే మైనమును గీకి మరల వాడిరి. అవ్వలు చెప్పిన అక్షరము నిలిచినది, అవ్వల గొంతు గీకిపోయినది.

ఆ సంఘమును నడపిన డెలార్గీ పండితుడు 1945లో ఇచ్చిన ప్రసిద్ధ ప్రసంగమున ఒక ఆచారమును పేర్కొనెను. ఫిన్ మొదలగు వీరుల గాథలు చెప్పుట పురుషుల పని. స్త్రీలు చెప్పుట అరుదు. వీరగాథ చెప్పు స్త్రీని కూయు కోడిపెట్టతో జతకట్టి ఎత్తిపొడుచు సామెత అక్కడ కలదట. అయినను ఆ శతాబ్దమున ఆ దేశములో మిక్కిలి పేరుపొందిన కథకులలో ఒకరు పెగ్ సేయర్స్ అను స్త్రీ. 1873లో పుట్టి, పెండ్లితో గ్రేట్ బ్లాస్కెట్ అను దీవికి చేరి, 1958లో కన్నుమూసిన ఆ ముదుసలి నోట పండితులు వందలాది కథలు వ్రాసికొనిరి. ఆమె నివసించిన దీవిలో జనము తరిగి తరిగి, 1953లో మిగిలినవారిని ప్రభుత్వము ఒడ్డునకు తరలించెను. కథలు పోగుచేయుటకు ఇంకొక ఇరువదియేండ్లు ఆలస్యమైయున్నచో ఏమి మిగిలెడిదో చెప్పలేము.

ఇక్కడ నాకొక సందేహము పీడించును. ఆ సంఘము పూర్తికాలపు సేకర్తలుగా నియమించినవారందరును పురుషులే. రాత్రిపూట ఒక పరాయి మగవాడు యంత్రము పెట్టుకొని కూర్చుండగా, ఇంటి యవ్వ ఏ కథ చెప్పును? కోడలికి చెప్పునది చెప్పునా? వీరకన్య కథ అడిగినగదా చెప్పుట. పోయినది ఎంతయో లెక్కతేలదు. కొంత మేలు మరొక త్రోవన జరిగినది. 1937 మొదలు 1939 వరకు ఆ దేశపు ప్రాథమిక పాఠశాలలు సుమారు అయిదువేలలో, అర్ధలక్షకు పైబడిన బాలబాలికలు తమ అవ్వతాతలను అడిగి కథలు వ్రాసి తెచ్చిరి. ఉద్యోగమిచ్చి పంపినవారిలో స్త్రీలు లేకపోయినను, నోటుపుస్తకము పట్టుకొని అవ్వ ప్రక్కన కూర్చున్నవారిలో ఆడపిల్లలుండిరి. ఆ పుటలు ఇప్పుడు కంప్యూటరులో ఎవరైనను చూడవచ్చును. గుండ్రని చేతివ్రాత, అక్కడక్కడ సిరామరక.

ఉద్యోగము మాట వచ్చినది కనుక మన వృత్తికి సంబంధించిన ఒక ముచ్చట చెప్పుదును. ఆ కాలమున ఐర్లండు సర్కారు కొలువులో నియమమొకటి యుండెను: స్త్రీ ఉద్యోగిని పెండ్లాడినచో కొలువు విడువవలెను. ఆ నియమము 1973లో రద్దయినది. కథలో వివాహము బహుమానము. కచేరీలో అదే వివాహము ఉద్వాసన! మనము నవ్వుటకు వీలులేదు. మన విదేశాంగ సేవలో చేరిన స్త్రీ పెండ్లికి ముందు ప్రభుత్వానుమతి వ్రాతపూర్వకముగా పొందవలెనని నిబంధన యుండెడిది. ముత్తమ్మగారు సుప్రీముకోర్టుకు పోగా, 1979లో జస్టిస్ కృష్ణయ్యరుగారు అట్టి నిబంధనలలోని వివక్షను గట్టిగా ఎత్తిచూపిరి. మన కొలువులలో ముప్పదియేండ్లు పనిచేసి విశ్రాంతి పొందిన అక్కలు కొందరు ఈ సభలోనే ఉన్నారు. ఆ నిబంధనల రుచి వారికి నాకన్న బాగుగ తెలియును.

ఈ కాలపు ఐరిషు రచయిత్రులు పాత కథలను మరల చెప్పునప్పుడు వారి చేయి తిన్నగా ఈ పెండ్లి ముడిమీదికే పోవుచున్నది. జానపద విద్యలో పండితురాలైన ఏలిష్ నీ గుయివ్నె 1997లో ప్రకటించిన కథాసంపుటములో, కనుమరుగైన భర్తను వెదకుచు లోకమెల్ల తిరుగు స్త్రీ పాతకథను ముక్కలు ముక్కలుగా ఇతర కథలనడుమ కూర్చెను. పాత కథలో భర్త దొరకుటయే ఫలము. ఈమె కథలో అన్ని కష్టములు పడి అతనిని కనుగొన్నపిమ్మట ఆమెకు అతడు అక్కరలేకపోవును. ఆ ముగింపు నాకు మొదట చేదుగా తోచినది. రెండవసారి చదివినప్పుడు అంత చేదుగా లేదు.

ఇక మా మనుమరాలికి బాకీపడిన కథ. బిల్లీ కథ ఆమెకు నచ్చినది. ఆబోతు చచ్చినచోట ఏడ్చినది. కాని ఆమె అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. ఆమెకు కావలసినది పనిచేయు ఆడపిల్ల. అట్టి పిల్ల నాకు పాట్రిక్ కెనెడీ అను పుస్తకవ్యాపారి 1866లో డబ్లినునుండి సమకూర్చిన సంపుటములో దొరికినది. ఆ దేశమున మరణించినవారిని రాత్రి ఒంటరిగా విడువరు; ఇరుగుపొరుగువారు వచ్చి తెల్లవారువరకు జాగరము చేయుదురు. మనకును ఉన్న ఆచారమే. కథ ఆ జాగరముమీద నడచును.

ఒక పేద వితంతువునకు ముగ్గురు కూతుండ్రు. పెద్దది, "అమ్మా, రొట్టె కాల్చి కోడిని కోసి ఇయ్యి, భాగ్యము వెదకికొందును" అనును. "సగము తీసికొని నా దీవెన తీసికొందువా, మొత్తము తీసికొని శాపము తీసికొందువా?" అని తల్లి అడుగును. ఐర్లండు కథలలో ఈ మాట ఇల్లు విడుచు కొడుకులను అడుగుట పరిపాటి. ఇక్కడ కూతుండ్రను అడిగినది. పెద్దకూతురు మొత్తము తీసికొనును. దారిలో చినిగిన బట్టల ముసలిది చేయిచాచిన పెట్టదు. సాయంత్రమునకు ఒక యిల్లు చేరును. ఆ యిల్లాలి కొడుకు చనిపోయి యున్నాడు. రాత్రి శవమునకు కావలి కూర్చున్నచో పారెడు బంగారు, పారెడు వెండి ఇత్తునని ఆమె అనును. నడిరేయి శవము లేచి కూర్చుండి, "ఒంటరిగా నున్నావా?" అని ముమ్మారు అడుగును. పిల్ల నోట మాటరాదు; రాయి యగును. రెండవదానికిని అదే గతి.

మూడవది సగమును, దీవెనను తీసికొనినది. ఆ సగములోనే ముసలిదానికి పెట్టినది. కుక్కను, పిల్లిని తోడు పెట్టుకొని పొయ్యికడ పండ్లు కాల్చుకొనుచు కావలి కూర్చున్నది. శవము అడుగగనే, ఒంటరిని కాను, కుక్కయున్నది, పిల్లియున్నది, నాకు పనియు నున్నదని జవాబిచ్చినది. "ధైర్యముగలదానవే. కాని నా వెంట రాజాలవు. నేను ఊగులాడు బురదనేల దాటవలెను, మండు అడవి దాటవలెను, భయంకరమైన గుహ దూరవలెను, గాజుకొండ నెక్కి మృతసముద్రములో దూకవలెను" అని అతడనెను. దానికామె చెప్పిన జవాబు నన్ను పదవీవిరమణానంతరము గూడ నిటారుగా కూర్చుండబెట్టినది: నిన్ను కనిపెట్టి యుండెదనని ఒప్పుకొన్నాను, కనుక వచ్చెదను.

మీకందరకు సావిత్రి తలంపునకు వచ్చియుండును. నాకును వచ్చినది. కాని సావిత్రి పతివెంట నడచినది. ఈ పిల్లకు అతడెవరో తెలియదు. ఆమె నడచినది ఒప్పుకొన్న పని వెంట. చార్జి పుచ్చుకొన్నపిమ్మట పోస్టు విడుచుట ఆమె ఎఱుగదు. అతడు కిటికీనుండి దూకెను, ఆమెయు దూకెను. బురదనేలకడ ఆ ముసలిదే ప్రత్యక్షమై, ఆమె పాదరక్షలను వెడల్పు చేసెను. మంటలకు మందమైన కంబళి, గుహలోని అరపులకు చెవులలో మైనము, గాజుకొండకు అంటుకొను అడుగులు. చివరకు సముద్రములోనికి అతని వెనుక తలక్రిందుగా దూకినది. కన్ను తెఱచునప్పటికి తాను ఆ యింటనే పడుకొని యున్నది; బ్రతికిన కొడుకును, వాని తల్లియు మంచముప్రక్కన నున్నారు. ఒక మంత్రగత్తెను పెండ్లాడనన్నందులకు ఆమె అతనిని అట్లు కట్టివేసినదట. తోడు నడువగల ధైర్యవతి దొరకినగాని ఆ కట్టు వీడదు. అక్కలు రాళ్ళనుండి మరల మనుష్యులైరి. అతడు పెండ్లి అడిగెను, ఆమె ఒప్పుకొనెను.

చూడుడు, శాపగ్రస్తుడై పడియుండుట ఇక్కడ మగవాని వంతు. అగ్నిని, కొండను, సముద్రమును దాటుట పిల్ల వంతు. అయినను ఆమె చేతికి కథకుడు కత్తి ఇవ్వలేదు. ఇచ్చినది నోటిమాట, పంచుకొన్న రొట్టెముక్క, నిలబడిన ఒప్పందము. బిల్లీని సృష్టించిన పొయ్యికడనే ఈ పిల్లయు పుట్టినది. ఏ కథకుడును నాయకుని పేరొక్కటి మార్చి ఊరకుండలేదు.

ఈ కథ మా మనుమరాలికి రెండు రాత్రులు చెప్పితిని. మొదటిరాత్రి శవము లేచినచోట దుప్పటి కప్పుకొనెను గాని, ఆపమనలేదు. రెండవరాత్రి చివరివరకు విని, పెండ్లి మాట రాగానే లేచి కూర్చుండెను.

"తాతయ్యా, పార బంగారం, పార వెండి ఇస్తామన్నారుగా. పెళ్ళి చేసుకుందని ఇవ్వడం మానేశారా?"

"ఇచ్చారమ్మా," అంటిని.

"ఎవరి చేతికి?" అని అడిగెను.